ఉత్పత్తి ప్రణాళికలో గడువు నిర్ణయం: పోచంపల్లి చిటికి నేత ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:

వస్తూత్పత్తి ప్రణాళికలో ప్రతి పనికీ ముందుగా కొన్ని రోజులు కేటాయిస్తారు. ఆంగ్లంలో దీనిని ‘ప్లాన్డ్ లీడ్ టైమ్’ అంటారు. ఈ సంఖ్యను ఎలా నిర్ణయించాలి, తప్పుగా నిర్ణయిస్తే ఏం జరుగుతుంది అన్నవి పారిశ్రామిక ఇంజనీరింగులో అరవై ఏళ్లుగా చర్చలో ఉన్న ప్రశ్నలు. తెలుగులో ఈ భావనను వివరించడానికి పోచంపల్లి ప్రాంతపు చిటికి నేతను ఉదాహరణగా తీసుకున్నాను. పనిదశ స్వభావాన్ని బట్టి గడువు నిర్ణయించే పద్ధతి మారాలని, గడువు తప్పినప్పటి నష్టాన్ని ఎవరు భరిస్తున్నారో చూడకుండా వేసే లెక్క అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గడువు, పట్టిన కాలం, ఉత్పత్తి ప్రణాళిక, లిటిల్ సూత్రం, చిటికి, ఆసు, పడుగు, చేనేత.

1. ఉపోద్ఘాతం:

చేనేత కుటుంబాల్లో పెరిగినవారికి ‘ఎప్పటికి దిగుతుంది?’ అన్న ప్రశ్న కొత్తది కాదు. పడుగు మగ్గం మీది నుంచి ఎప్పుడు దిగుతుందన్నది దాని అర్థం. మా ఇంట్లో ఈ ప్రశ్నకు నాన్న ఎప్పుడూ ఒకే జవాబు చెప్పేవారు: “నెల రోజులు.” ఒక్కోసారి ఇరవై అయిదు రోజులకే దిగేది. ఒకసారి యాభై రోజులు పట్టింది. ఆ ఏడాది శ్రావణంలో పెళ్లి చీరలు కావాలని అడిగిన నగరంలోని ఒక దుకాణం ఆలస్యానికి కూలి తగ్గించి ఇచ్చింది. వానకు రంగు నూలు ఆరకపోవడం ఆ ఆలస్యానికి ఒక కారణం. అంతకు ముందే రంగుల వారి దగ్గర వరుసలో పదిహేను పడుగుల నూలు ఉండడం ఇంకొక కారణం. అయినా మాట నాన్నది కాబట్టి నష్టమూ ఆయనదే అయింది.

‘నెల రోజులు’ అన్న ఆ మాటే ఈ వ్యాసానికి విషయం. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? అది గత అనుభవపు సగటా, కొనుగోలుదారుకు ఇచ్చిన హామీయా, పని ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి వేసుకున్న అంచనాయా? మూడింటికీ ఒకే సంఖ్య సరిపోతుందా? పెద్ద కర్మాగారాల్లో కంప్యూటరు వ్యవస్థల లోపల వేల వస్తువులకు వేల సంఖ్యలుగా ఉన్నది కూడా ఈ మాటే. అక్కడ అది ఒక గడిలో నింపిన అంకె కావడం వల్ల దాని వెనుక ఉన్న ఊహలు కనిపించవు. చేనేతలో దశలు తక్కువ, ప్రతి దశా కంటికి కనిపించేది. అందుకే వివరణకు ఇది అనువైన క్షేత్రం.

తెలుగు పరిశోధన పత్రికలో ఈ విషయం ఎందుకన్న ప్రశ్న రావచ్చు. వృత్తి పదాలను సేకరించి అకారాది క్రమంలో పేర్చడం దగ్గరే మన వృత్తి పదకోశాల కృషి చాలావరకు ఆగుతోంది. ఆ పదాల వెనుక ఉన్న ఆలోచనను, ముఖ్యంగా కాలానికి సంబంధించిన లెక్కను, మనం తక్కువగా పట్టించుకున్నామని నా అభిప్రాయం.

2. గడువు, పట్టిన కాలం, వాయిదా:

‘లీడ్ టైమ్’ అన్న ఆంగ్లపదం రెండు వేర్వేరు విషయాలను ఒకే పేరుతో పిలుస్తుంది. మొదటిది, పని మొదలు కాకముందే ప్రణాళికలో రాసుకునే రోజుల సంఖ్య. రెండవది, పని పూర్తయ్యాక లెక్కపెడితే తేలే రోజుల సంఖ్య. మొదటిది మనిషి తీసుకున్న నిర్ణయం, రెండవది జరిగిన దాని ఫలితం. ఆంగ్లంలో వీటిని వేరు చేయడానికి ముందు ఒక విశేషణం చేర్చాలి. ఆ విశేషణం వాడుకలో తరచుగా జారిపోతుంది, దానితో పాటే భేదమూ జారిపోతుంది. కర్మాగారాల సమావేశాల్లో ‘లీడ్ టైమ్ ముప్పై రోజులు’ అన్నప్పుడు చెప్పేవారు ఒకదాన్ని, వినేవారు మరొకదాన్ని ఉద్దేశించడం మామూలు.

తెలుగు వాడుకలో ఈ రెండింటికీ వేర్వేరు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ‘గడువు’ ముందుగా విధించేది. గడువు ఇస్తాం, పెడతాం, కోరతాం, పొడిగిస్తాం. గడువు ‘పట్టింది’ అని ఎవరూ అనరు. కాలం మాత్రం ‘పడుతుంది’. ‘ఈ పనికి గడువు ఇరవై రోజులు, కానీ ముప్పై రోజులు పట్టింది’ అన్న వాక్యంలో రెండు భావనలూ ఏ విశేషణమూ లేకుండా విడిపోయాయి. కాబట్టి ఈ వ్యాసంలో ప్రణాళికలోని సంఖ్యను ‘గడువు’ అని, వాస్తవంలో తేలినదాన్ని ‘పట్టిన కాలం’ అని వ్యవహరిస్తున్నాను. ‘వ్యవధి’ అన్న సంస్కృతపదం రెండింటికీ వాడుకలో ఉన్నందున దాన్ని పరిహరించాను.

‘వాయిదా’ది మరో కథ. అరబీ మూలం నుంచి పారశీక, హిందుస్తానీల మీదుగా మనకు చేరిన ఈ మాటకు మూలార్థం ‘వాగ్దానం’. తెలుగులో కోర్టు తేదీ వాయిదా అయింది, విడతగా కట్టే డబ్బు వాయిదా అయింది, చివరకు పనిని వెనక్కి నెట్టడమే వాయిదా వేయడమైంది. మాట ఇవ్వడానికి వాడిన పదం మాట తప్పడానికి వాడుకలోకి రావడం భాషాశాస్త్ర దృష్టితో విశేషమే. ఉత్పత్తి ప్రణాళికలో గడువుకు పట్టే గతి కూడా సరిగ్గా ఇదే కావడం ఇంకా విశేషం.

పరిశోధక విద్యార్థులకు ఈ భేదం మరీ విప్పి చెప్పనక్కరలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనిష్ఠం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. అది గడువు. పట్టే కాలం సంగతి ఎవరిది వారికి తెలుసు.

3. గడువు లెక్కలోకి ఎలా వచ్చింది?

అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన జోసెఫ్ ఆర్లిస్కీ 1975లో ‘మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్’ అన్న గ్రంథాన్ని ప్రచురించాడు. దీనిని ‘పదార్థ అవసరాల ప్రణాళిక’ అనవచ్చు. అంతకుముందు గోదాములో సరుకు ఒక మట్టానికి తగ్గగానే మళ్లీ తెప్పించే పద్ధతి ఉండేది. ఆర్లిస్కీ పద్ధతి దాన్ని తలకిందులు చేసింది. పూర్తయిన వస్తువు ఏ తేదీకి కావాలో ముందు నిర్ణయించి, దానికి కావలసిన భాగాలను పట్టికలో చూసి, ఒక్కొక్క భాగపు గడువును తేదీలోంచి తీసివేస్తూ వెనక్కి నడుస్తారు. ఇవాళ ప్రపంచమంతటా కర్మాగారాల్లో వాడే ప్రణాళికా సాఫ్ట్‌వేర్లకు ఈ తీసివేతే పునాది.

దీన్ని చిటికి నేతకు అన్వయిద్దాం. ఇక్కడా, ఇకముందు కూడా ఇచ్చే అంకెలు వివరణ కోసం ఊహించినవని గమనించాలి. ఏడు చీరల పడుగు ఒకటి దసరాకు పది రోజుల ముందు దిగాలి. నేతకు గడువు 32 రోజులు, పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతకడానికి 2, రంగులకు 6, చిటికి కట్టడానికి 8, ఆసుకు 4. మొత్తం 52 రోజులు. దిగవలసిన తేదీ నుంచి 52 రోజులు వెనక్కి లెక్కిస్తే ఆసు మొదలుపెట్టవలసిన రోజు వస్తుంది.

లెక్క సులభంగానే ఉంది. అయితే ఇందులో ఒక సాహసం దాగి ఉంది. రంగులకు 6 రోజులు అన్న అంకె ఆషాఢంలోనూ ఆరే, దసరా ముందు రద్దీలోనూ ఆరే. రంగుల వారి దగ్గర రెండు పడుగులున్నా, ఇరవై ఉన్నా ఆరే. పని చేసే చోట ఎంత బరువు ఉందో చూడకుండా గడువును వస్తువుకు అంటిపెట్టుకున్న స్థిరగుణంగా, నూలు కౌంటు లాగా, చీర పన్నా లాగా భావించడమే ఈ పద్ధతిలోని మౌలిక బలహీనత. తర్వాతి విమర్శకులందరూ ఏదో ఒక రూపంలో దీన్నే ఎత్తిచూపారు.

4. కాలం ఎక్కడ పోతుంది?

గడువు నిర్ణయించే ముందు, పట్టిన కాలం దేనితో నిండి ఉందో చూడాలి. చిటికి నేతలో మూడు రకాల కాలం కనిపిస్తుంది.

చేతి పని జరిగే కాలం ఒకటి. ఆసు పోయడం, చట్రం మీద బిగించిన నూలుపై నమూనా గీతలు గీయడం, ఆ గీతల ప్రకారం రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టడం, రంగులో ముంచడం, కట్లు విప్పి మరో రంగుకు మళ్లీ కట్టడం, గుంట మగ్గం మీద నేయడం ఇందులోకి వస్తాయి.

పదార్థ స్వభావం వల్ల ఆగవలసిన కాలం రెండవది. రంగు వేసిన నూలు ఆరాలి. పుట్టపాక తేలియా రుమాలు ఇందుకు గొప్ప ఉదాహరణ. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వస్త్రానికి నూలును నూనెతో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీటితో పలుమార్లు నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. రోజుల తరబడి సాగే ఆ ప్రక్రియను మనుషుల్ని పెంచి కుదించలేం. రంగు పట్టే గుణమే ఆ నిరీక్షణ వల్ల వస్తుంది.

మూడవది వరుసలో వేచి ఉండే కాలం. నూలు సిద్ధంగా ఉంటుంది, పనివారూ ఉంటారు, కానీ వారి చేతిలో ఇంకొకరి పని ఉంటుంది. కర్మాగారాల్లో పట్టిన కాలంలో అధికభాగం సాధారణంగా ఈ మూడవ రకమే. యంత్రం కింద ఒక భాగం గడిపేది గంటలైతే, దాని ముందు వరుసలో గడిపేది రోజులు.

ఈ విభజన తెలిస్తే చింతకింది మల్లేశం కృషిని కొత్త కోణంలో చూడవచ్చు. ఆలేరు ప్రాంతానికి చెందిన మల్లేశం తన తల్లి లక్ష్మి ఆసు పోస్తూ పడే భుజాల నొప్పిని చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించిన విషయం, 2017లో పద్మశ్రీ పొందిన విషయం సుప్రసిద్ధం. అర్ధవృత్తాకారంగా అమర్చిన మేకుల చుట్టూ చేతిని వేలసార్లు ఆడించవలసిన ఆ పనికి చీరకు నాలుగైదు గంటలు పట్టేదని, యంత్రంతో అది సుమారు గంటన్నరకు తగ్గిందని చెబుతారు. నాలుగు గంటల చొప్పున ఏడు చీరలకు 28 గంటలు. ఇంటిపని చేసుకుంటూ రోజుకు ఏడు గంటలు ఆసు పోసే స్త్రీకి నాలుగు రోజులు. మన లెక్కలో ఆసుకు పెట్టిన గడువు అదే. యంత్రంతో పదిన్నర గంటలు, అంటే రెండు రోజుల లోపు.

మరి పడుగు రెండు రోజులు ముందు దిగుతుందా? దిగాలంటే ఎవరో ఒకరు ప్రణాళికలోని ‘4’ను చెరిపి ‘2’ రాయాలి. రాయకపోతే నూలు ఆసు నుంచి రెండు రోజులు ముందు వచ్చి చిటికి కట్టే చోట కూర్చుంటుంది. రాసినా, చిటికి కట్టేవారి ముందు అప్పటికే వరుస ఉంటే ఆ వరుస మరింత పెరుగుతుంది. శరీరశ్రమ తగ్గడం నిస్సందేహంగా జరిగింది. ఆ స్త్రీల భుజాలకు వచ్చిన ఉపశమనాన్ని ఏ లెక్కతోనూ తూచనక్కరలేదు. కాల ప్రయోజనం మాత్రం యంత్రం ఒక్కదాని వల్ల రాదు, గడువును తిరిగి నిర్ణయించడం వల్ల వస్తుంది. కొత్త యంత్రాలు వచ్చాక కూడా పాత గడువులే ఏళ్ల తరబడి కంప్యూటర్లలో కొనసాగడం పెద్ద కర్మాగారాల్లోనూ ఉన్న జబ్బే.

5. గడువు పెంచితే ఆలస్యం పెరగడం:

ఈ చర్చలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే అంశం ఇది. అందుచేత కొంత విస్తారంగా చూద్దాం.

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక సూత్రం ఉంది. ఒక చోట ఉన్న పనుల సగటు సంఖ్య, ఆ చోటికి పనులు వచ్చే సగటు వేగాన్ని ఒక్కో పని అక్కడ గడిపే సగటు కాలంతో గుణిస్తే వచ్చే విలువకు సమానం. రంగుల ఇంట్లో సగటున 12 పడుగుల నూలు ఉండి, రోజుకు 2 పడుగులు వచ్చి 2 బయటికి వెళ్తుంటే, ఒక్కో పడుగు అక్కడ 6 రోజులు గడుపుతుంది. రంగు వేయడానికి, ఆరడానికి కలిపి రెండు రోజులే చాలినా సరే, మిగిలిన నాలుగు రోజులు వరుసవే.

ఇప్పుడు ఒక వారం వానపడి నాలుగు పడుగులు ఆలస్యమయ్యాయి అనుకుందాం. పని ఇచ్చే మాస్టర్ వీవర్ ‘ఇక నుంచి రంగులకు 6 కాదు, 9 రోజులు పెట్టుకుందాం’ అని నిర్ణయిస్తాడు. చూడడానికి ఇది వివేకమే. గడువు మూడు రోజులు పెరిగిందంటే అర్థం ఏమిటి? మూడు రోజుల తర్వాత పంపవలసిన నూలు కూడా ఈ రోజే పంపాలి. రోజుకు రెండు చొప్పున ఆరు పడుగుల నూలు ఒక్కసారిగా అదనంగా రంగుల ఇంటికి చేరుతుంది. అక్కడ 12 ఉన్నవి 18 అవుతాయి. రంగుల వారు రోజుకు రెండుకు మించి చేయలేరు. 18ని 2తో భాగిస్తే 9. పట్టే కాలం సరిగ్గా తొమ్మిది రోజులయింది! ‘చూశారా, తొమ్మిది రోజులు పడుతుందని నేను ముందే అన్నాను’ అని ఆయన తృప్తిపడవచ్చు. నిజానికి ఆ తొమ్మిదిని సృష్టించింది ఆయన అంకె.

కథ ఇక్కడితో ఆగదు. 18 పడుగుల మధ్య ఏది ముందో తేల్చుకోవలసి వస్తుంది. ‘మాది అర్జెంటు’ అంటూ వచ్చినవారిది ముందుకు జరుగుతుంది, అడగనివారిది వెనక్కి పోతుంది. కొన్ని నాలుగు రోజులకు, కొన్ని పదిహేను రోజులకు బయటపడతాయి. పదిహేను రోజులు పట్టినవాటిని చూసి గడువును మళ్లీ పెంచుతారు. హాల్ మేథర్, జార్జ్ ప్లాసల్ 1970ల చివరలో అమెరికన్ కర్మాగారాల సందర్భంలో వర్ణించిన విషవలయం ఇదే. పారిశ్రామిక సాహిత్యంలో దీనికి ‘లీడ్ టైమ్ సిండ్రోమ్’ అన్న పేరు స్థిరపడింది.

రంగుల వారికి మిగులు శక్తి ఉంటే వరుస క్రమంగా కరుగుతుంది. అప్పుడు నూలు గడువుకు ముందే వచ్చి ఇంట్లో పడి ఉంటుంది, పెట్టుబడి దానిలో చిక్కుకుంటుంది. మిగులు లేకపోతే వరుస శాశ్వతం. మిగులు కొంచెమే ఉన్నప్పుడు ఏమవుతుందో 1961లోనే జాన్ కింగ్‌మన్ ఇచ్చిన సూత్రం చెబుతుంది. పనులు వచ్చే తీరులో, పట్టే తీరులో ఉన్న అస్థిరత మారకుండా ఉంటే, వేచి ఉండే కాలం పని భారాన్ని మిగులుతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని అనుసరిస్తుంది. నూటికి 80 వంతులు పనిలో ఉంటే ఆ నిష్పత్తి 4, 90 వంతులైతే 9, 95 అయితే 19. దసరా, పెళ్లిళ్ల ముందు పని పదిహేను శాతం పెరిగితే ఆలస్యం పదిహేను శాతమే పెరగాలని ఆశించే కొనుగోలుదారుకు ఈ మూడు అంకెలూ చూపించవలసినవి.

విరుగుడు ఏమిటి? ఆలివర్ వైట్ 1970లో సూచించిన మార్గం చాలా సాదాసీదాది: బయటికి ఎంత వెళ్తోందో లోపలికి అంతే పంపు. రంగుల ఇంట్లో ఎనిమిదికి మించి పడుగుల నూలు ఉండకూడదని నియమం పెట్టుకుంటే, రోజుకు రెండు పూర్తవుతున్నంత కాలం పట్టే కాలం నాలుగు రోజులు. రంగుల వారికి పని లేకుండా పోనంతవరకు, తక్కువ పంపడం వల్ల ఉత్పత్తి తగ్గదు. మిగిలిన నూలు ఇంట్లోనే ఉంటుంది, రంగు వేయనిదిగా ఉంటుంది. కొనుగోలుదారు మనసు మార్చుకుని మరో రంగు కోరినా నష్టం లేదు. వరుస ఉన్న దశలో ముందుగా నిర్ణయించవలసింది అక్కడ ఎన్ని పనులు ఉండాలన్న విషయాన్ని. గడువు దాని వెంట వస్తుంది.

6. వరుస లేని దశలో గడువు:

నేత దశ వేరు. ఒక మగ్గం మీద ఒకే పడుగు ఉంటుంది. దాని ముందు వరుస లేదు. అయినా పట్టే కాలం మారుతూనే ఉంటుంది. పోగు తెగడం, జ్వరం, పండుగ, ఊళ్లో చావు, పెళ్లి, నమూనా కష్టం కారణాలవుతాయి. గడువు పెంచినంత మాత్రాన ఇక్కడ వరుస పెరగదు. కాబట్టి గత అనుభవాన్ని ఆధారంగా తీసుకోవచ్చు. ఎలా తీసుకోవాలన్నదే ప్రశ్న.

ఒక నేతగాని గత ఇరవై పడుగులకు పట్టిన రోజులు ఇవి అనుకుందాం: 24, 25, 26, 26, 27, 28, 28, 29, 29, 30, 31, 31, 32, 33, 34, 36, 38, 41, 45, 52. సగటు 32 రోజుల చిల్లర. మనం ముందు పెట్టిన గడువు ఇదే. ఈ గడువుతో ఇరవైలో ఏడు పడుగులు ఆలస్యమవుతాయి. మూడింట ఒక వంతుకు పైగా మాట తప్పడమన్నమాట. ఒక్క పడుగూ తప్పకూడదనుకుంటే గడువు 52 రోజులు. అప్పుడు చాలా చీరలు మూడు వారాలు ముందే సిద్ధమై బీరువాలో ఉంటాయి.

ఈ రెంటి మధ్య తగిన చోటును కనుక్కోవడానికి ఆలస్యపు ఖర్చును, ముందే సిద్ధమవడం వల్ల కలిగే ఖర్చును పోల్చాలి. ఒక పడుగు ఒక రోజు ముందు పూర్తయితే చిక్కుకున్న పెట్టుబడికి వడ్డీ రూపంలో 30 రూపాయలు, ఒక రోజు ఆలస్యమైతే కోత రూపంలో 120 రూపాయలు నష్టం అనుకుందాం. ఆలస్యపు ఖర్చును రెండు ఖర్చుల మొత్తంతో భాగించాలి: 120ని 150తో భాగిస్తే 0.8. అంటే నూటికి ఎనభై సార్లు సరిపోయే గడువు పెట్టాలి. ఇరవైలో పదహారవ అంకె 36. పరీక్షించి చూద్దాం. గడువు 32 అయితే ఇరవై పడుగులకు కలిపి 50 ముందు రోజులు, 55 ఆలస్యపు రోజులు. నష్టం 8,100 రూపాయలు. గడువు 36 అయితే 107 ముందు రోజులు, 32 ఆలస్యపు రోజులు, నష్టం 7,050. గడువు 38 అయినా 7,050 రూపాయలే. 52 అయితే 11,850. తగిన గడువు 36 నుంచి 38 రోజుల మధ్య ఉంది.

సగటు కంటే గడువు ఎంత ఎక్కువ ఉండాలన్నది పట్టే కాలం ఎంత చెదిరి ఉంది, ఆలస్యం ఎంత ఖరీదైనది అన్న రెండింటి మీద ఆధారపడుతుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న లోకోక్తి రెండవదాన్ని మాత్రమే పట్టించుకుంది. కూరగాయల వ్యాపారిలా ముందే సిద్ధం చేయడం కూడా నష్టమైన వృత్తులు ఉన్నాయి.

ఒక హెచ్చరిక అవసరం. నేతగానికి 38 రోజుల గడువు ఉందని తెలిస్తే 25 రోజుల్లో ముగించే అవకాశం ఉన్నా ముగించకపోవచ్చు. ఉన్న కాలాన్నంతా పని ఆక్రమిస్తుందని పార్కిన్‌సన్ 1955లో రాసిన వ్యంగ్య వ్యాసం ఆఫీసుల గురించి. కూలి పడుగు దిగితేనే వచ్చే చేనేతలో అది అంతగా వర్తించదని నా పరిశీలన. నెల జీతం ఉన్నచోట వర్తించవచ్చు.

7. దశలన్నీ కలిసినప్పుడు:

ప్రతి దశలోనూ భద్రత కోసం కొన్ని రోజులు కలుపుకోవడం సహజ ప్రవృత్తి. నాలుగు దశల్లో ఒక్కొక్కరూ మూడేసి రోజులు కలిపితే పన్నెండు రోజులవుతుంది. ఒక దశ ఆలస్యం మరో దశ ఆలస్యంతో సంబంధం లేనిదైతే అన్నీ ఒకేసారి చెడడం అరుదు. ఒక్కో దశలో చెదురు మూడు రోజులైతే నాలుగు దశల మొత్తంలో చెదురు పన్నెండు కాదు, ఆరు. కాబట్టి అంతే భరోసాకు చివర ఒకేచోట ఉంచిన ఆరు రోజులు చాలు. వరుస దశలకు గడువులు ఎలా పంచాలన్న ప్రశ్నను క్యాండేస్ యానో 1987లో గణితపరంగా చర్చించారు.

చేనేతకు అన్వయించేటప్పుడు ‘సంబంధం లేనిదైతే’ అన్న షరతును మరువకూడదు. వాన రంగులనూ ఆపుతుంది, గుంట మగ్గంలో చెమ్మనూ పెంచుతుంది. పండుగ అందరికీ ఒకేసారి వస్తుంది. అలాంటప్పుడు ఆరు చాలవు.

8. ఖర్చు ఎవరిది?

ఆరవ భాగంలోని లెక్కలో ఒక ఊహను ప్రశ్నించకుండా ముందుకు వచ్చాం. 30 రూపాయలు, 120 రూపాయలు ఒకే మనిషి జేబులోంచి పోతున్నట్లు లెక్క వేశాం. ఒకే యజమాని ఉన్న కర్మాగారంలో అది సమంజసం. మేళవించిన ఖర్చును తగ్గించే గడువు అతనికి మంచిది.

చేనేతలో గడువు పెట్టేది తరచుగా కొనుగోలుదారు లేదా పని ఇచ్చే షావుకారు. ఆలస్యపు కోత పడేది నేతగాని కూలిలో. ముందే సిద్ధమైన చీరల వడ్డీ పడేది, నూలు ఎవరి పెట్టుబడి అన్నదాన్ని బట్టి, ఒకసారి షావుకారు మీద, సొంత మగ్గం వారైతే వారి మీద. దుకాణం దృష్టిలో ఆలస్యానికి ఖర్చు కోత ద్వారా తిరిగి వసూలవుతుంది కాబట్టి గడువు బిగించడానికి దానికి వెనుకాడే కారణం ఉండదు. 24 రోజుల గడువు పెట్టినా దానికి నష్టం లేదు. ఇరవైలో పంతొమ్మిది పడుగులకు కోత వేయవచ్చు. ‘నెల రోజులు’ అన్న మాట నాన్న నోటి నుంచి వచ్చినా అది ఆయన లెక్క కాదు. అంతకంటే ఎక్కువ చెబితే పని మరొకరికి పోతుందన్న భయం చెప్పించిన అంకె అది.

పైగా ఆ యాభై రోజుల్లో వరుస వల్ల పోయిన రోజులు ఎక్కువ. ఆ వరుస పెరగడానికి కారణం పండుగ ముందు అందరు షావుకారులూ ఒకేసారి నూలు పంపడం. అంటే ఆలస్యాన్ని సృష్టించినవారు ఒకరు, దాని ఖర్చు మోసినవారు మరొకరు. పట్టిన కాలాన్ని మూడు రకాలుగా విడగొట్టి రాసుకునే అలవాటు ఉంటే కనీసం ఈ సంగతి కాగితం మీద కనిపించేది. నూలు ఇచ్చిన తేదీ, రంగులకు పంపిన తేదీ, రంగు మొదలైన తేదీ, తిరిగి వచ్చిన తేదీ, మగ్గం ఎక్కిన తేదీ, దిగిన తేదీ: ఆరు తేదీలు చాలు. మాకు ఒక పాత ఖాతా పుస్తకం ఉంది. అందులో రెండే తేదీలున్నాయి. నూలు ఇచ్చినది, చీరలు దిగినది. రెండూ షావుకారు చేతిరాతలోనే ఉన్నాయి.